గోదావరి డెల్టా తీరంలో శీతకాలపు పక్షుల ఫొటోలు: లెన్స్ కంటే ముందు తెలుసుకోవలసినది పోటు వేళ

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు అమలాపురం దగ్గర ఉంటున్నారు. నిరుడు 150-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ కొన్నారు. సెలవు రోజుల్లో ఉదయం పూట ఓడలరేవు వైపు, అప్పుడప్పుడు కోరంగి మడ అడవుల వైపు నడకకు వెళ్తున్నారు. పక్షులు దూరం నుంచే లేచిపోతున్నాయి. దొరికిన ఫొటోల్లో పక్షి చిన్నదిగా, నల్లగా, మసకగా ఉంటోంది. ఇంకా పెద్ద లెన్స్ కొనాలా, ఏ నెలలో ఎక్కడికి వెళ్లాలి, ఫోనులో పక్షి కూత వినిపిస్తే దగ్గరకు వస్తుందని కొందరు అంటున్నారు, అలా చేయవచ్చా అని అడిగారు.

కొత్త లెన్స్ కొనవద్దు. మీ దగ్గర ఉన్నది ఈ పనికి సరిపోతుంది. మీరు చెప్పిన లోపాల్లో ఏదీ లెన్స్ వల్ల వచ్చినది కాదు. పక్షి లేచిపోవడానికి కారణం మీరు దాని వైపు నడవడం. అది నల్లగా పడడానికి కారణం తూర్పు, ఆగ్నేయాల వైపుకు తెరుచుకున్న తీరంలో మీరు ఉదయం పూట సముద్రం వైపు కెమెరా పెట్టడం. మసకకు చాలావరకు కారణం బురద మీద నుంచి లేచే వేడి గాలి. మడ అడవుల అంచున, మొగల దగ్గర, పర్ర భూముల్లో పక్షి ఎప్పుడు ఎక్కడ ఉంటుందో నిర్ణయించేది పోటు. ఆ వేళ తెలుసుకుని, పక్షి రాబోయే చోట ముందుగా వెళ్లి కూర్చున్న మనిషికి 400 మిల్లీమీటర్లతో వచ్చే ఫొటో, పక్షి వెంట నడిచే మనిషికి 800 మిల్లీమీటర్లతోనూ రాదు. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం నీటి గురించీ ఎండ గురించీ రాస్తున్నాను, కెమెరా గురించి తక్కువ.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, కాబట్టి ఈ రోజు పోటు వచ్చిన వేళకంటే రేపటిది దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీరు బాగా పైకి ఎక్కి బాగా వెనక్కి పోతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గిపోతుంది. కాకినాడ దగ్గర పోటుకూ ఆటుకూ మధ్య నీటి ఎత్తులో తేడా మనిషి ఎత్తుకు మించదు. అయినా ఇక్కడి ఒండ్రు నేల వాలు ఎంత తక్కువంటే, ఆ కాస్త తేడాకే నీటి అంచు వందల మీటర్లు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఉల్లంకులు, ప్లోవర్లు, గాడ్విట్లు, కర్ల్యూలు వంటి తీరపక్షులు ఆ కదిలే అంచును పట్టుకునే బతుకుతాయి, ఎందుకంటే పురుగులూ చిన్న పీతలూ గుల్లలూ పై పొరలోకి వచ్చేది తడి ఆరని బురదలోనే. ఆటు సమయంలో మీరు ఒడ్డున నిలబడి చూస్తే అవి కనుచూపు చివర చుక్కల్లా కనిపిస్తాయి. మీరు బహుశా ఆ వేళల్లోనే వెళ్తున్నారు. అదే చోట పోటు ఎక్కడం మొదలుపెట్టాక మేత నేల ఇరుకైపోతుంది, పక్షులు నీటికి ముందు ముందుగా ఒడ్డు వైపు జరుగుతూ వస్తాయి. నీరే వాటిని మీ దగ్గరకు తెస్తుంది.

వేటకు వెళ్లే మత్స్యకారులు పోటు వేళను తిథిని బట్టి చెబుతారు. దాన్ని పాత పద్ధతి అని పక్కన పెట్టకండి. పోటు వేళ చంద్రుడి స్థానాన్ని అనుసరిస్తుంది కాబట్టి, ఒక చోట ఒక తిథినాడు పోటు ఏ వేళకు వస్తుందో, మళ్లీ ఆ తిథినాడు ఇంచుమించు అదే వేళకు వస్తుంది. శుక్ల పక్షంలో షష్ఠికి ఎంతో, బహుళ పక్షంలో షష్ఠికీ దాదాపు అంతే. అంటే ఏదో ఒక రోజు మీకు కావలసిన విధంగా, మధ్యాహ్నం దాటాక నీరు ఎక్కడం మొదలై సూర్యాస్తమయానికి కాస్త ముందు నిండుతూ కనిపిస్తే, ఆ రోజు తిథిని క్యాలెండరు మీద రాసుకోండి. పక్షం రోజులకు మళ్లీ అలాంటి సాయంత్రం వస్తుంది. ఖచ్చితమైన వేళలు కావాలంటే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ పోటు అంచనాలను అందుబాటులో ఉంచుతుంది, సర్వే ఆఫ్ ఇండియా ఏటా పట్టికలు ప్రచురిస్తుంది. కాకినాడ ఓడరేవుకు ఇచ్చిన వేళ సముద్రపు అంచుకు చెందినదని గుర్తుంచుకోండి. మడ కాలువల్లో లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది. ఎంత ఆలస్యమో ఆ కాలువలో రోజూ వల వేసే వారిని అడిగితే నిమిషాలతో సహా చెబుతారు.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. బంగాళాఖాతంలో మన వైపు సముద్ర మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఎక్కువగా ఉండి, ఫిబ్రవరి, మార్చి నెలలకు తగ్గుతుంది. అందువల్ల కార్తీకంలో నీటి కింద ఉండిపోయిన బురద మేట మాఘంలో బయటపడవచ్చు, పోయిన నెల పక్షులు గుంపుగా చేరిన చోట ఈ నెల ఒక్కటీ లేకపోవచ్చు. దానికి తోడు గోదావరి వరద తగ్గాక ఏటా మొగల దగ్గర ఇసుక తిప్పల రూపమే మారుతుంది. నిరుటి స్థలాన్ని నమ్ముకుని వెళ్లకండి. ఏటా వరదలు తగ్గాక, కెమెరా లేకుండా, ఒక ఆటు వేళా ఒక పోటు వేళా వెళ్లి నేలను చూసి రండి.

ఇప్పుడు కూర్చునే పద్ధతి. పోటు నిండడానికి రెండున్నర, మూడు గంటల ముందే స్థలానికి చేరుకోవాలి. నీరు చివరకు ఎక్కడి వరకు వస్తుందో ఒడ్డున ఎండిన గడ్డిపరకలు, నురుగు, చిన్న గుల్లల గీత చెబుతుంది. ఆ గీతకు పైన, పక్కన చిన్న పొద లేదా పడవ నీడ ఉన్న చోట కూర్చోండి. వెనుక ఏదో ఒకటి ఉండడం ముఖ్యం. ఖాళీ ఆకాశం ముందు కనబడే మనిషి ఆకారాన్ని పక్షి చాలా దూరం నుంచే పసిగడుతుంది. వెనుక మడ చెట్ల ముదురు రంగు ఉంటే కదలనంతవరకు అంతగా పట్టించుకోదు. రొయ్యల చెరువుల దగ్గర ఖాళీ మేత సంచులు దొరుకుతాయి. రెండు సంచులు ఒకదాని మీద ఒకటి పరిస్తే తడి తగలదు. కెమెరా కింద పెట్టుకోవడానికి గుడ్డ సంచిలో ధాన్యపు ఊక నింపి కుట్టించుకోండి. స్టాండు కాళ్లు బురదలో దిగబడుతూ ఉంటాయి, ఊక సంచి దిగబడదు. పైగా లెన్స్‌ను నేలకు జానెడు ఎత్తులో ఉంచుతుంది. ఆ ఎత్తే ఫొటోకు ప్రాణం. నిలబడి కిందికి చూస్తూ తీసిన ప్లోవర్ చుట్టూ బురద తప్ప ఏమీ ఉండదు. దాని కంటి మట్టం నుంచి తీస్తే వెనుక నేల అంతా మెత్తగా కరిగిపోయి, పక్షి ఒక్కటే నిలుస్తుంది.

మొదటి అరగంటలో ఏమీ జరగదు. తర్వాత చిన్నవి ముందుగా వస్తాయి. సాండ్ ప్లోవర్ నాలుగు అడుగులు చకచకా పరుగెత్తి ఆగుతుంది, తల కాస్త పక్కకు వంచి బురదలోకి చూస్తుంది, ఒక్కసారి వంగి పొడుస్తుంది. ఫొటో తీయవలసినది ఆ ఆగిన క్షణంలోనే. పరుగులో ఉండగా మీట నొక్కితే కాళ్లు కలిసిపోయి కనిపిస్తాయి. కర్ల్యూ వచ్చిందంటే ఓపికగా చూస్తూ ఉండండి. పొడవైన వంపు ముక్కును మొదలంటా పీత కన్నంలోకి దించి, తల పక్కకు తిప్పి, పీతను లాగుతుంది. పెద్ద పీత అయితే విదిలించి విదిలించి కాళ్లు ఊడగొడుతుంది, దగ్గర నీరుంటే కడుగుతుంది కూడా, ఆ తర్వాత గాల్లోకి ఎగరేసి మింగుతుంది. పీత గాల్లో ఉండే ఆ అర సెకను కోసం వరుస షాట్లు వాడండి, మిగతా సమయంలో వాడకండి. ప్రతి కదలికకూ టపటపమని మోగించే కెమెరా నిశ్శబ్ద తీరంలో చాలా దూరం వినిపిస్తుంది. మీ కెమెరాలో చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షటర్ ఉంటే కూర్చున్న పక్షులకు దాన్నే వాడండి. ఎగిరే పక్షికి మాత్రం కొన్ని కెమెరాల్లో దానివల్ల రెక్కలు వంకరగా పడతాయి, కాబట్టి అప్పుడు మామూలు షటర్‌కు మారండి.

పక్షి భయపడడం లేచిపోవడంతో మొదలు కాదు, అంతకు చాలా ముందే మొదలవుతుంది. మేస్తున్నది మేత ఆపి తల ఎత్తుతుంది. ఒంటికాలి మీద నిద్రపోతున్నది రెండో కాలు దించుతుంది. తలోవైపు తిరిగి ఉన్న గుంపు అంతా ఒకే దిక్కుకు తిరుగుతుంది. ఎర్రకాళ్ల రెడ్‌షాంక్ ఉంటే అందరికంటే ముందు అదే అరుస్తుంది, ఆ అరుపుకు మిగతావన్నీ సిద్ధమవుతాయి. వీటిలో ఏది కనబడినా మీరు ఉన్నచోటే ఆగిపోవాలి, అవసరమైతే వెనక్కి జరగాలి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. ఇరవై, ముప్పై గ్రాముల బరువుండే లిటిల్ స్టింట్ ఆర్కిటిక్ టండ్రా ప్రాంతంలో గుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడికి వస్తుంది. తిరిగి వెళ్లడానికి కావలసిన కొవ్వును ఈ బురదలోనే సంపాదించుకోవాలి. మేత దొరికేది నీరు తీసి ఉన్న కొద్ది గంటలే. ఆ గంటల్లో మనం పదే పదే లేపితే అది తిన్నది తరగడమే కాక తినవలసిన సమయమూ పోతుంది.

అందుకే నేను గట్టిగా చెప్పే నియమం ఒకటుంది. పోటు పూర్తిగా నిండాక పక్షులన్నీ ఏదో ఒక ఎత్తయిన తిప్ప మీదో, పాడుబడిన ఉప్పు మడి గట్టు మీదో దగ్గర దగ్గరగా చేరి విశ్రాంతి తీసుకుంటాయి. వందలాది పక్షులు ఒకే చోట కనబడతాయి కాబట్టి ఫొటోగ్రాఫర్లకు అది ఊరించే దృశ్యం. ఆ గుంపు దగ్గరకు వెళ్లకూడదు. అవి పోటులో మరొక చోటు లేకనే అక్కడ చేరతాయి, లేపితే వాలడానికి వాటికి నేల ఉండదు. గుంపు ఒక్కసారిగా లేచే ఫొటో కోసం చప్పట్లు కొట్టేవారిని, మట్టి పెళ్ల విసిరేవారిని నేను చూశాను. అలా తీసిన ఫొటో ఎంత బాగున్నా దాన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు. నీరు ఎక్కుతూ ఉండగా మీ ముందు మేసే పక్షులను తీసుకోండి, అవి విశ్రాంతికి చేరే వేళకు వంగి, నెమ్మదిగా, వెనక వైపుగా లేచి వచ్చేయండి. ఫోనులో కూత వినిపించే విషయంలోనూ నా సమాధానం వద్దు అనే. శీతకాలపు తీరపక్షులు దానికి పెద్దగా స్పందించవు; మడలో ఏడాదంతా ఉండే పక్షులు స్పందిస్తాయి, కానీ తన హద్దులోకి మరొక పక్షి వచ్చిందనుకుని, మేత మాని, కంగారుగా వెతుక్కుంటాయి. మన ఫొటో కోసం దానికి లేని శత్రువును సృష్టించడం న్యాయం కాదు.

ఎండ సంగతికి వస్తాను, ఇది మన తీరానికి ప్రత్యేకమైనది. పక్షుల ఫొటోలకు ఉదయమే మేలని ఎక్కడ చదివినా రాసి ఉంటుంది. కాకినాడ దక్షిణాన కుంభాభిషేకం అనే చోటి దగ్గరి బురద నేలల్లోనూ, చొల్లంగి, కోరంగి వైపు మడ అంచునా నిలబడితే నీరు మీకు తూర్పున ఉంటుంది. ఉదయం సూర్యుడూ అటే ఉంటాడు. పక్షి మీకూ సూర్యుడికీ మధ్య పడి నల్లటి ఆకారంగా మిగులుతుంది. ఇక్కడ సాయంత్రమే మేలు: మధ్యాహ్నం మూడున్నర తర్వాత ఎండ మీ వీపు వెనుక నుంచి వచ్చి పక్షి కంట్లో మెరుపు వేస్తుంది. డిసెంబరులో అయిదున్నర ప్రాంతానికే సూర్యాస్తమయం అవుతుంది కాబట్టి మీకు దొరికేది రెండు గంటలు. మీరు వెళ్లే ఓడలరేవు, అంతర్వేది వైపు లెక్క వేరు. అక్కడ తీరం దక్షిణ ఆగ్నేయానికి చూస్తుంది. డిసెంబరులో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక దాదాపు 24 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు, అంతే దక్షిణానికి జరిగి అస్తమిస్తాడు. అందువల్ల ఉదయం ఎండ ఎడమ ముందు నుంచి సగం ఎదురుగా పడుతుంది, సాయంత్రం ఎండ కుడిచేతి పక్క నుంచి వస్తుంది. పక్క నుంచి వచ్చే ఎండలో ఈకల పొరలు విడివిడిగా తేలతాయి. నాకు ముఖాముఖి ఎండ కంటే అదే ఇష్టం. ఉదయం తప్ప మీకు వీలు కుదరకపోతే గోదావరి వశిష్ఠ, వైనతేయ పాయల గట్ల మీదకు వెళ్లి, నది తూర్పు గట్టున నిలబడి పడమటి వైపు నీటిని చూడండి.

శీతకాలంలో మధ్యాహ్నం కూడా సూర్యుడు మన నడినెత్తికి రాడు. డిసెంబరు మూడో వారంలో పట్టపగలు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అందుకని వెలుగు మరీ కఠినంగా ఉండదు. అయినా ఎండ ఎక్కాక బురద నేల మీద ఫొటో తీయడం దండగ. రాత్రి చల్లబడిన బురద ఎండకు వేడెక్కి, దాని మీది గాలి పొరలు కదులుతూ ఉంటాయి. దూరాన ఉన్న పక్షి అంచులు నీటి అడుగున ఉన్నట్టు వణుకుతాయి. ఆ మసకను ఏ లెన్సూ, ఏ సాఫ్ట్‌వేరూ తీసివేయలేదు. ఎంత పెద్ద లెన్స్‌తో దూరాన్ని దగ్గర చేస్తే అంత ఎక్కువగా కనిపిస్తుంది. మీ ఫొటోలు తీసిన వేళ ఒకసారి చూడండి. తొమ్మిదిన్నర దాటాక తీసినవే ఎక్కువ మసకగా ఉండి, పొద్దున్నే దగ్గరగా తీసినవి బాగుంటే, లోపం లెన్స్‌ది కాదని మీకే తెలుస్తుంది. దీనికి మందు ఒకటే, మీకూ పక్షికీ మధ్య గాలి తక్కువగా ఉండాలి. మళ్లీ పోటు దగ్గరకే వచ్చాం.

కెమెరా అమరికలు క్లుప్తంగా చెబుతాను. మీ జూమ్‌ను 600 దగ్గర వాడేటప్పుడు ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8 దగ్గర పెడితే వివరం మెరుగుపడుతుంది. మేస్తున్న పక్షికి షటర్ వేగం సెకనులో 1000వ వంతు, ఎగిరే పక్షికి 2000వ వంతు లేదా ఇంకా వేగం. వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి అయిన ఐఎస్ఓను కెమెరాకు వదిలేయండి, 1600 వచ్చినా భయపడకండి. గరుకు చుక్కలను తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోను మాత్రం ఏమీ చేయలేం. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది తెల్లకొంగ దగ్గర. ముదురు మడ చెట్ల ముందు నిలబడిన కొంగను కెమెరా చీకటి దృశ్యం అనుకుని వెలుగు పెంచేస్తుంది, ఈకలన్నీ తెల్లటి అట్టముక్కలా మారిపోతాయి. అక్కడ ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించండి, అంటే వెలుగును సగం చేయండి. అదే కొంగ తెల్లటి ఆకాశంలో ఎగురుతుంటే లెక్క తిరగబడుతుంది, ఒక స్టాప్ పెంచవలసి ఉంటుంది. ఫైళ్లను రా (కెమెరా తన సవరణలు చేయకుండా దాచే) పద్ధతిలో తీసుకోండి.

మీ ఇంటికి దగ్గరలోనే, పోటుతో పని లేని చోటు ఒకటుంది, దాని గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. సార్వా (తొలి వరి పంట) కోతలు అయ్యాక డిసెంబరు, జనవరి నెలల్లో దాళ్వాకు (రెండో పంటకు) కాలువ నీరు పెట్టి చేలు దమ్ము చేస్తారు. ఆ కొద్ది వారాలు కోనసీమ చేలన్నీ మంచినీటి చిత్తడి నేలలే. ట్రాక్టరు కేజ్ చక్రాలు మట్టిని తిరగేస్తూ పోతుంటే వెనుకనే తెల్లకొంగలు, నత్తగుల్ల కొంగలు, గోరింకలు, కాకులు తోసుకుంటూ నడుస్తాయి. బురదలోంచి పైకి వచ్చిన పురుగూ నత్తా కప్పపిల్లా ఏదైనా సరే. ట్రాక్టరు మోతకు అలవాటు పడిన ఆ పక్షులు గట్టు మీద కూర్చున్న మనిషిని లెక్కచేయవు. నత్తగుల్ల కొంగను దగ్గరగా చూడడానికి ఇంతకు మించిన అవకాశం లేదు. దాని ముక్కు మూసినా నడుమ సందు మిగిలే ఉంటుంది. ఆ ముక్కు కొనను నత్త మూత కిందకు దూర్చి, గుల్లను నీటిలోనే అదిమిపట్టి, మాంసాన్ని మాత్రం లాగి తింటుంది. తల నీటిలో ఉండే ఆ పనిని కాక, బయటకు తీసి మింగే క్షణాన్ని పట్టుకోండి. ట్రాక్టరు వెళ్లిపోయిన మడిలోకి కాసేపటికి వుడ్ శాండ్‌పైపర్లు, పొడవాటి గులాబి రంగు కాళ్ల స్టిల్ట్‌లు, అప్పుడప్పుడు తీతువులూ దిగుతాయి. ఊడ్పులు అయ్యాక నారు మధ్యకు దిగకండి. పంట బోదె గట్టు మీదే ఉండి, రైతును ముందే అడగండి. అడిగిన వారిని కాదన్న రైతును నేను ఎరుగను.

ఏ నెల అంటే, తీరపక్షులు సెప్టెంబరు నుంచే వస్తాయి గానీ, వాయుగుండాల భయం తగ్గి ఆకాశం తేటపడేది డిసెంబరులో. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో నడక కష్టమైనా ఒకసారి వెళ్లండి. శీతకాలమంతా బూడిద రంగులో తిరిగిన కర్ల్యూ శాండ్‌పైపర్ అప్పటికి ఇటుక ఎరుపుకు మారుతూ ఉంటుంది, సాండ్ ప్లోవర్ రొమ్ము మీద నారింజ పట్టీ వేస్తుంది. కాకినాడ తీరాన శీతకాలంలో కనిపించే ఇండియన్ స్కిమ్మర్ గురించి కూడా తెలుసుకోండి. పై ముక్కు కంటే కింది ముక్కు పొడవుగా ఉండే ఈ పక్షి నోరు తెరిచి నీటి పైపొరను కోస్తూ ఎగురుతుంది. 2020 నుంచి అది అంతర్జాతీయ ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతుల్లో ఉంది. అది ఇసుక మీద విశ్రాంతిగా కూర్చుని ఉంటే, ఆ రోజు మీకు దొరికిన దూరం నుంచే తీసుకుని తృప్తి పడండి.

కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. సందర్శకుల కోసం వేసిన చెక్క బాట మీద నడవడానికి టికెట్ చాలు. బాట దాటి లోపలికి వెళ్లాలన్నా, పడవలో కాకినాడ తీరానికి ఎదుట ఉన్న హోప్ ఐలాండ్ వైపు వెళ్లాలన్నా అటవీ శాఖను అడగాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్య ప్రవేశానికి అనుమతి ఇవ్వదగిన పనుల్లో ఫొటోగ్రఫీని పేరు పెట్టి చేర్చింది, కాబట్టి దరఖాస్తులో అదే రాయండి. డ్రోన్ ఆలోచన వద్దు. పక్షులు దాన్ని గద్దగా భావించి బెదురుతాయి, ఓడరేవు, చమురు సంస్థల ఆంక్షలు వేరే ఉంటాయి. చెక్క బాట మీద ఫొటోలు తక్కువని చాలామంది పెదవి విరుస్తారు. ఉదయం తలుపులు తీయగానే వెళ్తే లకుముకి పిట్టలు కాలువ మీదకు వంగిన మడ కొమ్మల మీదే ఉంటాయి. నల్లతల లకుముకి అక్కడ చూడదగినది. ఒక కొమ్మను ఎంచుకుంటే చేపకు దూకి మళ్లీ అదే కొమ్మకు వస్తుంది, కాబట్టి ఫోకస్ ముందుగానే ఆ కొమ్మ మీద పెట్టుకోవచ్చు. పడవ కుదుర్చుకుంటే ఇంజను దూరంగానే ఆపి గెడ మీద నడపమని పడవాయనను అడగండి, ఆ అదనపు శ్రమకు అదనంగా ఇవ్వండి. ఇంజను నడుస్తుండగా లెన్స్‌ను పడవ అంచుకు ఆనించకండి, ఆ అదురు నేరుగా ఫొటోలోకి వస్తుంది.

జాగ్రత్తల విషయంలో మూడు మాటలు. మడ చెట్ల శ్వాసవేర్లు మేకుల్లా నిలబడి ఉంటాయి, గుల్లల అంచులు కోస్తాయి. ఉత్త కాళ్లతో వెళ్లవద్దు, గమ్ బూట్లు బురదలో ఊడిపోతాయి, పాత క్యాన్వాస్ బూట్లను తాడు గట్టిగా బిగించి వేసుకోండి. తిల్ల చెట్టు కొమ్మలు విరవకండి, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆటులో తిప్ప మీదకు నడిచి వెళ్తే, వెనుక ఉన్న పల్లపు కాలువ ముందుగా నిండుతుందని మరచిపోకండి. తిరుగు వేళ లెక్క చూసుకుని, ఊరి వారిలో ఒకరికి చెప్పి మరీ దిగండి. కెమెరాకు శత్రువులు ఉప్పూ మంచూ. ఏసీ గదిలో ఉన్న లెన్స్‌ను ధనుర్మాసపు ఉదయం ఒక్కసారిగా బయటకు తీస్తే గాజు మీద ఆవిరి కమ్ముతుంది. సంచిలోనే ఉంచి అరగంట బయట పెట్టాక తీయండి. ఇంటికి వచ్చాక మంచినీటితో తడిపి పిండిన గుడ్డతో పైభాగం తుడిచిన తర్వాతే పొడి గుడ్డ వాడండి, పొడి గుడ్డతో ముందే రుద్దితే ఉప్పు గీతలు పెడుతుంది.

ఫిబ్రవరి నుంచి నది ఇసుక మేటల మీద తీతువులు, లిటిల్ టెర్న్‌లు, చిన్న ప్రాటింకోల్‌లు గుడ్లు పెడతాయి. గూడు అంటూ ఉండదు, ఇసుకలో చిన్న గుంట మాత్రమే. గుడ్ల రంగు ఇసుకలో కలిసిపోతుంది. తలపై పక్షి అరుస్తూ చుట్టూ తిరుగుతుంటే మీరు గుడ్ల దగ్గర ఉన్నారని అర్థం. వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి వెళ్లండి. గూడు ఫొటోలు తీయవద్దు, పొరపాటున తీసినా ఆ స్థలం పేరు ఎవరికీ పంపవద్దు.

చివరగా, ఇంటికి వచ్చాక మీ ఫొటోలన్నింటినీ, బాగా రానివాటితో సహా, పెద్దవి చేసి కాళ్లు చూడండి. కొన్ని తీరపక్షుల కాళ్లకు పరిశోధకులు వేసిన లోహపు ఉంగరమూ, రంగు ప్లాస్టిక్ పట్టీలూ ఉంటాయి. ఏ కాలికి, మోకీలు లాంటి మడమ కీలుకు పైన ఉందా కింద ఉందా, రెండు పట్టీలుంటే ఏ రంగు పైన ఏ రంగు కింద, మీద అక్షరాలు చదవగలుగుతున్నామా అన్నవి రాసుకుని, తేదీ, స్థలం, ఫొటోతో సహా ముంబయిలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. ఆ పక్షికి ఎక్కడ ఉంగరం వేశారో వారు చూసి చెప్పగలుగుతారు. మిగతా పక్షుల లెక్కను పక్షి పరిశీలనల వెబ్‌సైటు ఈబర్డ్‌లో నమోదు చేయండి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. మీ దగ్గర కెమెరా ఉంది, పోటు వేళలు రేపటి నుంచి రాసుకుంటారు కాబట్టి, వచ్చే జనవరి నాటికి ఓడలరేవు వైపు లెక్కింపుకు మీరు పనికొస్తారు. నవంబరులోనే అటవీ శాఖ వారిని కలిసి పేరు ఇవ్వండి.